నాన్నను కన్నతల్లి పేరు ఏ రిజిస్టర్లో దొరుకుతుంది?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. తన పేరు, ఊరి పేరు వెయ్యొద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆవిడకు యాభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన నాన్నగారు ఏడాదిన్నర క్రితం పోయారు. సొంతూరు పాత పశ్చిమ గోదావరి జిల్లాలో, గోదావరి ఒడ్డున. ఆయనకు మూడేళ్ల వయసులోనే తల్లి పోయింది. తాతగారు ఏడాది తిరక్కుండా మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆ వచ్చినావిడే నాన్నను పెంచింది. ఇంటిల్లిపాదీ మామ్మ అని పిలిచిందీ ఆవిడనే. ఆవిడకు ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. సవతి బిడ్డ అన్న తేడా ఏనాడూ చూపించలేదని పాఠకురాలే రాశారు. కన్నతల్లి మాట మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఫొటో లేదు. పేరు సూరమ్మ అని ఒకరు, సూర్యకాంతం అని మరొకరు అంటారు. పురిట్లో పోయిందని ఒక మాట, జ్వరమొచ్చి పోయిందని ఒక మాట. సూటిగా చెప్పినవాళ్లు లేరు. పుట్టిల్లు తణుకు వైపు ఎక్కడో. చాలా ఏళ్ల క్రితం ఊళ్లో ఒక ముసలమ్మ "గాంధీగారిని చంపేశారని తెలిసిన నెల దాటిందో లేదో, మీ నానమ్మ పోయింది" అని చెప్పిన మాట ఒక్కటి గుర్తుంది.

నాన్న పోయాక, అమెరికాలో ఉన్న తమ్ముడు వంశవృక్షం మొదలుపెట్టాడు. తాతగారివి, నానమ్మవి జనన మరణ తేదీలు కాగితాలతో సహా పంపమన్నాడు. ఈవిడ ఊరెళ్లి అడిగితే అంత పాత రిజిస్టర్లు తమ దగ్గర లేవన్నారు. అక్కడే తచ్చాడుతున్న ఒకతను డబ్బిస్తే సర్టిఫికెట్ పుట్టిస్తానన్నాడు. ఆ సాయంత్రానికే సంగతి పెద్ద బాబాయి చెవిన పడింది. "ఇప్పుడీ తవ్వకం దేనికమ్మా, పొలం కోసమా?" అని ఫోన్ చేశారు. నానమ్మకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద కొంత పొలం ఇచ్చారని, అది ఇప్పుడు బాబాయిల సాగులో ఉందని ఈవిడకు అప్పుడే తెలిసింది. అమ్మ వదిలెయ్యమంటోంది. తమ్ముడు ఆర్టీఐ వెయ్యమంటున్నాడు. "నాన్న ఏటా మాఘమాసంలో తద్దినం పెట్టేవారు. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. నాకు ఆవిడ పేరైనా తెలియాలి. ఆపెయ్యనా, వెతకనా?" అన్నది ఆవిడ ప్రశ్న. అమ్మ తరఫువాళ్లది నల్గొండ వైపు, అక్కడేం దొరుకుతాయో కూడా చెప్పమన్నారు.

ఇక మీతో నేరుగా మాట్లాడతాను.

మీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. నానమ్మ ఎవరో, ఆవిడకేమైందో తెలుసుకోవాలన్నది మీ కోరిక. తేదీలతో కాగితాలు కావాలన్నది మీ తమ్ముడి కోరిక. పొలం ఎక్కడ కదులుతుందోనన్నది మీ బాబాయి భయం. మీరు మొదటిదాని కోసం వెళ్లి రెండోదాన్ని అడిగారు, ఆయనకు మూడోది వినపడింది. ముందు వీటిని విడదీసుకుంటే, ఎవరి దగ్గరికి ఏ వరుసలో వెళ్లాలో తేలుతుంది. ఆపెయ్యాలా వద్దా అనేది ఆ తర్వాత సంగతి.

ముందు ఆఫీసు ఏమివ్వగలదో చూద్దాం. మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆ రోజుల్లో పల్లెల్లో జనన మరణాలు రాసింది గ్రామ మునసబు. మరణం పద్దులో తేదీ, పోయిన మనిషి పేరు, వయసు, కారణం లాంటివి క్లుప్తంగా ఉంటాయి. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి పేరు బదులు "ఫలానావారి భార్య" అని రాసి సరిపెట్టడం కద్దు. కారణం రాసి ఉన్నా మీ చేతికి రాదు. 1969 జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రిజిస్టర్లో వెతికించుకోవచ్చు, నకలు అడగవచ్చు. కానీ బయటికిచ్చే మరణ నకలులో మరణ కారణం చూపించకూడదు. అంటే మీరు గట్టిగా తెలుసుకోవాలనుకుంటున్న రెండిట్లో పేరు ఆ కాగితంలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఎలా పోయిందన్నది మాత్రం ఉండదు. కాగితం మీకు ఖాయంగా ఇవ్వగలిగింది తేదీ ఒక్కటే.

ఆ రెండూ మనుషుల దగ్గర ఉన్నాయి. మీరు తణుకు దాకా వెళ్లక్కర్లేదు, మొదటి మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు.

మీ నాన్నగారు ఏటా తల్లికి తద్దినం పెడితే, ఆ వంట చేసింది ఎవరు? పెళ్లయిన నాటి నుంచి మీ అమ్మగారే కదా. మడి కట్టుకుని, భోక్తలకు వడ్డించి, అందరి భోజనాలయ్యాక ఏ సాయంత్రానికో తను తిని ఉంటారు. తిథి ఆవిడకు తెలియకుండా ఉండదు. అత్తగారి పేరు కూడా ఆ మంత్రాల మధ్య ఏటా వినే ఉంటారు. ఆవిడ "వదిలెయ్" అంటున్నది తెలియక కాదనీ, తను కళ్లారా చూసిన మామ్మ మనసు కష్టపెట్టడం ఇష్టం లేకనే అనీ నాకనిపిస్తోంది. అందుకని "నానమ్మ గురించి నీకేం తెలుసు?" అని అడగకండి. ఆ ప్రశ్నకు "నాకేం తెలియదు" అన్న జవాబే వస్తుంది. "అమ్మా, నాన్న తద్దినం పెట్టేది మాఘ బహుళంలోనా, శుద్ధంలోనా? తిథి ఏమిటి?" అని అడగండి. దానికి జవాబు చెప్పడంలో ఆవిడకు ఇబ్బంది ఉండదు. తిథి చెప్పాక ఆవిడే ఇంకో మాట చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు. తొందరపెట్టకండి.

రెండో మనిషి, ఆ తద్దినాలు పెట్టించిన పురోహితుడు. ఇది మన ఇళ్లలో ఆడవాళ్ల వంశచరిత్ర వెతికేవాళ్లు ఎక్కువగా మర్చిపోయే చోటు. తల్లి ఆబ్దికంలో తల్లి పేరొక్కటే చెప్పరు. ఆవిడ అత్తగారి పేరు, ఆ పై అత్తగారి పేరు కూడా గోత్రంతో సహా చెబుతారు. అంటే మూడు తరాల కోడళ్ల పేర్లు. గ్రామ రిజిస్టర్లో "ఫలానావారి భార్య" అయిన మనిషి, తద్దినం సంకల్పంలో తన పేరుతోనే ఉంటుంది. చాలామంది పురోహితులు ఈ పేర్లు, తిథులు యజమానుల వారీగా నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంటారు. నాన్నగారి కర్మలు చేయించినాయన వేరే అయితే, అంతకుముందు ఏటా వచ్చినాయన్ని కనుక్కోండి. ఆయన లేకపోతే వాళ్లబ్బాయిని అడగండి. తాతగారో నాన్నగారో గయకు వెళ్లి పిండప్రదానం చేసి ఉంటే, అక్కడి పండాల ఖాతాపుస్తకాల్లో కూడా ఈ పేర్లు ఉండే అవకాశముంది. అది ఆఖరి దారిగా పెట్టుకోండి.

సూరమ్మా, సూర్యకాంతమా అన్నది తేలకపోయినా కంగారు పడొద్దు. పుట్టింట్లో ఒక పిలుపు, అత్తింట్లో ఒక పిలుపు, పత్రాల్లో ఒక పేరు ఉండటం ఆ తరంలో మామూలే. దొరికిన రూపాలన్నీ, ఎవరు చెప్పారో పక్కన రాసి పెట్టుకోండి. రిజిస్టర్లో ఏ పేరు తగులుతుందో ముందే చెప్పలేం.

తిథి తెలిస్తే ఆఫీసు పని ఎంత తేలికవుతుందో చెబుతాను. ముసలమ్మ చెప్పిన మాటను తేలిగ్గా తీసెయ్యకండి. పల్లెల్లో తేదీలు గుర్తుండవు గానీ గాంధీగారి మరణం, గోదావరి వరద, తుఫాను లాంటివి మనసులో పాతుకుపోతాయి. గాంధీజీ హత్య జరిగింది 1948 జనవరి 30న. తెలుగు లెక్కలో అది సర్వజిత్తు నామ సంవత్సరం పుష్యమాసం. ఆ తర్వాతి మాఘమాసం ఫిబ్రవరి 10 ప్రాంతంలో మొదలై మార్చి 10 ప్రాంతంలో ముగిసింది. నాన్నగారు 1944లో పుట్టారని రాశారు కాబట్టి, తల్లి పోయేనాటికి మూడేళ్లన్న మాట కూడా దీనికి సరిపోతుంది. మూడు వేర్వేరు జ్ఞాపకాలు ఒకే నెల చుట్టూ చేరుతున్నాయి. అమ్మగారు బహుళం అంటే ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చి మొదటివారం దాటేదాకా వెతికితే చాలు. తిథి కూడా చెబితే రెండు మూడు రోజులకు దిగుతుంది. పాత సంవత్సరాల పంచాంగాలు ఇప్పుడు ఇంటర్నెట్లో చూసుకోవచ్చు, పురోహితుణ్ని అడిగినా లెక్కకట్టి చెబుతారు. తిథి రెండు తేదీల మీద పడుతుంది కాబట్టి ఒకరోజు ఇటూ అటూ చూసుకోండి. మునసబుకు కబురందిన రోజునే పద్దు రాసి ఉంటాడని కూడా లేదు, అందుకని ఆ పై రెండు వారాలూ చూడమనండి. "1945 నుంచి 50 దాకా ఎక్కడైనా ఉందేమో చూడండి" అంటే ఏ గుమాస్తా కూడా ఆ దుమ్ములో చెయ్యి పెట్టడు. "1948 ఫిబ్రవరి, మార్చి" అంటే కాదనడానికి కారణం దొరకదు.

అయితే ఆ రిజిస్టర్ ఎక్కడుంది? ఊళ్లో లేదన్నది నిజమే అయి ఉండొచ్చు. అంతమాత్రాన ఎక్కడా లేదని కాదు. 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాయి. వాళ్ల ఇళ్లలో ఉన్న రికార్డులు ప్రభుత్వానికి అప్పజెప్పాల్సి వచ్చింది. మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పాత కాగితాలు కొన్ని కొత్త మండల ఆఫీసుకు వెళ్లాయి, కొన్ని పాత తాలూకా కేంద్రంలోనే ఉండిపోయాయి. 2022 ఏప్రిల్లో జిల్లాలు మళ్లీ మారాయి. మీ ఊరు పాత కొవ్వూరు తాలూకాలోదైతే, 1948లో అది పశ్చిమ గోదావరి, ఇప్పుడు రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరి జిల్లా. కాబట్టి పంచాయతీ దగ్గర ఆగకుండా ఇప్పటి మండల తహసీల్దారు కార్యాలయంలో, తర్వాత పాత తాలూకా కేంద్రంలోని తహసీల్దారు కార్యాలయంలో అడగండి. రెండు చోట్లా రికార్డు గది అని అడిగితేనే దారి చూపిస్తారు. తాతగారి పుట్టుక వెతికేటప్పుడు ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో. అంతకుముందు ఆ ఊళ్లు కృష్ణా జిల్లాలో ఉండేవి, పాత కాగితం మీద ఆ పేరే ఉంటుంది.

ఇంకొకటి కూడా మీ నానమ్మ విషయంలో ముఖ్యం కావచ్చు. మరణం నమోదయ్యేది మనిషి పోయిన చోట. కాపురమున్న ఊళ్లో కాదు. పురుడు కష్టమై ఆవిడను రేవు దాటించి రాజమండ్రి తీసుకెళ్లి ఉంటే, పద్దు అక్కడి మున్సిపాలిటీలో ఉంటుంది. పురిటికని పుట్టింటికెళ్లి అక్కడే పోయి ఉంటే ఆ ఊరి రిజిస్టర్లో ఉంటుంది. మీ ఊరి రిజిస్టర్ దొరికి, అందులో ఆవిడ పద్దు లేకపోతే, "పుట్టింట్లోనో ఆస్పత్రిలోనో పోయింది" అన్నదానికి అదొక ఆనవాలు అవుతుంది.

పుట్టిల్లు ఏదో తేలడానికి మీ నాన్నగారి జనన పద్దు వెతకడం మంచి దారి. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. ఆయన సొంతూళ్లో పుట్టలేదని, తణుకు వైపు ఊళ్లో పుట్టారని అనుకుని వెతకండి. ఉద్యోగపు కాగితాల్లో 1944 జులై 1 అని ఉందని రాశారు, ఇంట్లోనేమో తారణ సంవత్సరం దసరా రోజుల్లో పుట్టాడనేవాళ్లని కూడా రాశారు. జులై 1 బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసిన తేదీలా ఉంది. ఆ తరంలో ఎంతమంది జూన్, జులై ఒకటో తేదీన పుట్టారో చూస్తే మీకే తెలుస్తుంది. దసరా మాటే నమ్మి 1944 సెప్టెంబరు, అక్టోబరు పద్దులు చూడమనండి. అక్కడ ఆయన పేరుతో వెతికితే దొరకదు. పుట్టిన కొద్దిరోజులకే రాసిన పద్దులో బిడ్డకు ఇంకా పేరుండదు, "మగబిడ్డ" అని ఉంటుంది. తాతగారి పేరు, ఇంటిపేరుతో అడగండి.

తమ్ముడు చెప్పిన ఆర్టీఐ పనికొస్తుంది. కాకపోతే అది మొదట వాడాల్సింది కాదు, అడగాల్సిన ప్రశ్న కూడా వేరు. "మా నానమ్మ మరణ ధ్రువపత్రం ఇవ్వండి" అని ఆర్టీఐ వేస్తే, దానికి వేరే పద్ధతి ఉందని తిప్పి పంపుతారు. ముందు 17వ సెక్షన్ కింద వెతకమని మామూలు దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి. రిజిస్టర్ తమ దగ్గర లేదని వాళ్లు చెబితే, ఆ మాట రాతపూర్వకంగా అడగండి. ఆ తర్వాతే ఆర్టీఐలో "ఈ గ్రామపు 1948 మరణాల రిజిస్టర్ ఇప్పుడు ఏ కార్యాలయంలో ఉంది? వేరేచోటికి పంపితే ఎప్పుడు, ఎక్కడికి? నాశనం చేసి ఉంటే ఏ ఉత్తర్వు ప్రకారం?" అని అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. రిజిస్టర్ ఎటు పోయిందో కాగితం మీద రాసివ్వాల్సి వచ్చినప్పుడు, లేదనుకున్నది బీరువాలో దొరకడం నాకు తెలిసిన చాలా కుటుంబాల్లో జరిగింది. నిజంగానే లేదని తేలితే ఆ జవాబును కూడా దాచి ఉంచండి. మీ తర్వాత వెతికేవాళ్లు మళ్లీ అదే గుమ్మం ఎక్కనక్కర్లేదు.

సర్టిఫికెట్ పుట్టిస్తానన్న మనిషి జోలికి వెళ్లొద్దు. ఇది మీకు గట్టిగా చెబుతున్నాను. ఏడాది దాటిన మరణాన్ని ఆలస్యంగా నమోదు చేయించుకోవడానికి చట్టంలోనే దారి ఉంది. 13వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ కింద పూర్వం మెజిస్ట్రేట్ కోర్టు ఉత్తర్వు కావలసి వచ్చేది. 2023 సవరణ తర్వాత జిల్లా మెజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మెజిస్ట్రేటు, లేదా అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు ఇవ్వవచ్చు. కానీ ఆ పత్రంలో ఉండేది ఇవాళ మీరు ప్రమాణం చేసి చెప్పిన తేదీ. 1948లో మునసబు రాసింది అందులో ఉండదు. వంశచరిత్రకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇక ఆ మనిషి చేసేది ఆ దారిలో కూడా కాదు, ఊహించిన తేదీతో దొంగ కాగితం తయారు చేస్తాడు. రేపు పొలం గొడవే వస్తే, మీరు డబ్బిచ్చి మరణపత్రం చేయించారన్న మాట ఒక్కటి చాలు, మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

పొలం సంగతికొస్తాను. ఆస్తి కోసం కాదని మీరు రాశారు, నేను నమ్ముతున్నాను. కానీ మీ నానమ్మ పేరు అచ్చంగా రాసి ఉండే అవకాశం ఎక్కువగా ఉన్న ప్రభుత్వ కాగితం ఆ పొలం దస్తావేజే. పసుపు కుంకుమ కింద ఇచ్చినదాన్ని రిజిస్టర్ చేయించి ఉంటే, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఒకటో పుస్తకంలో నకలు ఉంటుంది. ఆవిడ పేరు, తండ్రి పేరు, ఆయన ఊరు, భర్త పేరు అన్నీ అందులో రాస్తారు. పుట్టిల్లు కూడా దానితోనే తేలిపోతుంది. స్థిరాస్తి దస్తావేజుల పుస్తకాన్ని, దాని సూచికలను రుసుం కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. ఆన్‌లైన్లో వచ్చే ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచే ఉంటుంది. అంతకుముందువి ఆ ఆఫీసుకే వెళ్లి చేత్తో వెతికించాలి. పెళ్లి జరిగిన ఏడాది అటూ ఇటూ చూడమనాలి.

ఆ దస్తావేజు చేతికొస్తే ఏం చేస్తారు? వెతకడం మొదలుపెట్టకముందే మీరూ, మీ తమ్ముడూ, అమ్మగారూ కలిసి దీనికి జవాబు అనుకోండి. ఒక దారి, పొలం మాకొద్దు, పేరు చాలు అనుకోవడం. అలా అనుకుంటే ముగ్గురూ అనుకోవాలి. మీరు బాబాయికి మాటిచ్చాక తమ్ముడు అక్కడి నుంచి లాయరుకు ఫోన్ చేస్తే, పోయేది మీ మాటే. ఇంకో దారి, హక్కుంటే అడగడం. అది తప్పు కాదు. కానీ 1948లో పోయిన స్త్రీ ఆస్తి ఎవరికి వెళ్తుందన్నది 1956 వారసత్వ చట్టంతో తేలదు, అంతకుముందరి హిందూ న్యాయం చూడాలి. ఇన్నేళ్ల స్వాధీనం కూడా లెక్కలోకి వస్తుంది. అందుకు సివిల్ లాయరు దగ్గరికి విడిగా, బాహాటంగా వెళ్లండి. వంశవృక్షం పేరు చెప్పి పొలం కాగితాలు తీయడం మాత్రం చెయ్యకండి. మూడో దారి, దస్తావేజు అసలు తీయకపోవడం. దానివల్ల పేరు, పుట్టిల్లు తేల్చే మంచి ఆధారం ఒకటి పోతుంది, కానీ పురోహితుడి దగ్గర పేరు దొరికితే ఆ నష్టాన్ని మీరు భరించగలరు.

ఇక బాబాయి. ఆయనకు చెప్పకుండా వెతికితే తెలియకుండా ఉండదు, ఒకసారి చూశారు కదా. ఆయన కోసం పూర్తిగా ఆపేస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, కానీ ఆయన అనుమానం అలాగే మిగిలిపోతుంది, పొలం కోసమే వచ్చింది, బెదిరితే ఆగింది అని. నేనైతే ఇంట్లో వాళ్లను అడగడం ఇప్పుడే మొదలుపెట్టి, ఆఫీసు పని ఆయనతో మాట్లాడేదాకా ఆపుతాను. ఫోన్లో కాదు, వెళ్లి మాట్లాడండి. ముగ్గురూ పొలం వద్దనుకుని ఉంటే ఆ మాటే ముందు చెప్పండి. "బాబాయ్, పొలం మీది, దాని మాట మేం ఎత్తం. తమ్ముడూ అదే అన్నాడు. నాన్న తద్దినం పెట్టిన మనిషి పేరు మాకు తెలియాలి" అనండి. ఇంకా నిర్ణయానికి రాకపోతే ఆ మొదటి మాట అనకండి, రానిదాన్ని వచ్చినట్టు చెప్పి తర్వాత మార్చడం కన్నా "దాని గురించి ఇంకా అనుకోలేదు, అనుకున్నాక మీకే ముందు చెబుతా" అనడం నయం.

ఆయన మనసులో ఇంకోటి కూడా ఉండొచ్చు. మీరు కన్న నానమ్మను వెతుకుతుంటే, తన తల్లిని పక్కకు నెట్టేస్తున్నారేమోనన్న బాధ. మీ తమ్ముడు గీసే చెట్టులో ఇద్దరికీ చోటుందని, మామ్మ పేరు, ఆవిడ పుట్టిల్లు, తేదీలు కూడా అంతే శ్రద్ధగా రాస్తున్నామని చెప్పండి. అవి అడగాల్సింది ఆయన్నే కదా. మామ్మ శుభలేఖ, జాతకం, ఆవిడ రేషన్ కార్డు ఏదున్నా చూపించమనండి. మీకోసం ఆయన వెతకడం మొదలుపెడితే, అదే పెట్టెలో ఏముందో మీకూ నాకూ తెలియదు.

ఎలా పోయిందన్నది ఒక్కటి జాగ్రత్తగా పట్టుకోండి. ఆ రోజుల్లో పురిట్లో పోవడం, విషజ్వరాలతో పోవడం చాలా ఎక్కువ. మీ ఇంట్లో వినపడే రెండు మాటలూ ఒకటే కావచ్చు, పురుడైన వారానికి జ్వరం వచ్చి పోయిన తల్లులు ఎందరో. అదే నిజమైతే మీ నాన్నగారికి ఒక తోబుట్టువు పుట్టి ఉండాలి. అందుకే దరఖాస్తులో ఆవిడ మరణంతోపాటు, ఆ ఏడాది జనవరి నుంచి మార్చి దాకా తాతగారి పేరున బిడ్డ పుట్టిన పద్దుగానీ పోయిన పద్దుగానీ ఉందేమో చూడమనండి. ఇంకోరకంగా కూడా అయి ఉండవచ్చు. ఎవరూ సూటిగా చెప్పకపోవడానికి ఒక కారణం ఉండి ఉండవచ్చు. ఆ మాట వినడానికి మీరు సిద్ధమేనా అని ముందు మిమ్మల్ని మీరు అడగండి, అమ్మగారిని కాదు. ఆవిడ చెప్పదలిస్తే వినండి. చెప్పనంటే దాన్ని ఏ ఆఫీసు నుంచీ రాబట్టాలని చూడకండి. ఆ ఖాళీతోనే వంశవృక్షం పూర్తి చేయవచ్చు, చాలా కుటుంబాల చరిత్రలో అలాంటి గడి ఒకటి ఉంటుంది.

నల్గొండ వైపు సంగతి క్లుప్తంగా చెబుతాను. 1948 సెప్టెంబరు దాకా అది నిజాం రాజ్యం. రికార్డులు ఉర్దూలో, సంవత్సరాలు ఫస్లీలో ఉంటాయి. ఫస్లీకి 590 కలిపితే ఇంచుమించు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఊళ్లలో ఆ కాలపు జనన మరణ పద్దుల కోసం ఎక్కువ ఆశపెట్టుకోవద్దు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ మీద దృష్టి పెట్టండి. తెలంగాణలో పట్టాదారుల పేర్లు, సాగుదారుల పేర్లు ఊరు ఊరంతా ఒకచోట రాసిన పాత రికార్డు అది. అమ్మగారి తాతగారి పేరు, తండ్రి పేరు అందులో దొరకొచ్చు. పాత సర్కారు దస్త్రాలకు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ మీకు దగ్గరే. కాకపోతే ఏ ఊరు, ఏ ఫస్లీ అన్నది తెలుసుకుని వెళ్లండి.

తమ్ముడికి రెండు మాటలు చెప్పండి. వీసా పనులకు కావలసిన ధ్రువపత్రాలు వేరు, ఈ వెతుకులాట వేరు. రెండూ ఒకే దరఖాస్తులో కలపొద్దు. అతను నింపుతున్న పట్టికలో తేదీ పక్కన, అది ఎక్కడి నుంచి వచ్చిందో రాసే గడి ఒకటి పెట్టమనండి. "తిథి అమ్మ చెప్పింది, ఏడాది ఊళ్లో పెద్దావిడ చెప్పింది, తేదీ పంచాంగం లెక్క" అని రాస్తే అదీ ఆధారమే. సర్టిఫికెట్ ఉంటేనే నిజం అనుకుంటే, మన ఇళ్లలో 1970కి ముందు పుట్టిన ఆడవాళ్లలో చాలామందికి ఆ చెట్టులో చోటు దొరకదు.

దరఖాస్తు తెలుగులోనే రాయండి. తాతగారి పూర్తి పేరు, ఇంటిపేరు, ఆయన తండ్రి పేరు, 1948 నాటి గ్రామం, తాలూకా, జిల్లా, ఇప్పటి మండలం, జిల్లా రాయండి. నానమ్మ పేరుకు తెలిసిన రూపాలన్నీ రాసి "లేదా ఫలానావారి భార్య" అని చేర్చండి. వెతకాల్సిన నెలలు స్పష్టంగా పెట్టి, మీరు ఆయనకు మనవరాలని చూపించే కాగితం, అంటే నాన్నగారి సర్వీసు రిజిస్టర్లో తండ్రి పేరున్న పేజీ, మీ పదో తరగతి సర్టిఫికెట్ జతచేయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. బాబాయి వస్తానంటే ఆయన్ని కూడా తీసుకెళ్లండి. ఆ ఆఫీసులో ఏ బీరువా ఎవరి చేతిలో ఉంటుందో మీకన్నా ఆయనకే బాగా తెలుస్తుంది.